చదరంగ యంత్రమునకు ఎత్తుల పుస్తకము

చదరంగమునందు తెల్లబలగమువాడు మొదటి ఎత్తుగా వేయదగినవి 20 మాత్రమే. ఎనిమిది బంట్లకు రెండేసి చొప్పున 16, రెండు గుఱ్ఱములకు రెండేసి చొప్పున 4. నల్లబలగమువానికిని బదులు ఎత్తులు 20 కలవు. కావున ఇరువురును చెరి యొక ఎత్తు వేసినంతలోనే ఆట 400 విధములుగా నడువవచ్చును. తెల్లవాడు రెండవ ఎత్తు వేయునప్పటికి ఈ సంఖ్య 8,902. నల్లవాని రెండవ ఎత్తుతో 1,97,281. తెల్లవాని మూడవ ఎత్తుతో 48,65,609 అగును. అప్పటికి బల్లపై చెప్పుకోదగిన పోరాటమింకను మొదలు కాలేదు. బంట్లు ముందుకు జరుగుచున్నవి, గుఱ్ఱములు బయటికి వచ్చుచున్నవి, అంతే.

చదరంగమాడు కంప్యూటరునకు చిక్కంతయు ఇక్కడనే. అది ఒక్కొక్క ఎత్తును వేసి చూచి, దానికి ఎదుటివాని బదులును, ఆ బదులునకు తన బదులును లెక్కించుకొనుచు ముందుకు పోవును. ఆట ముదిరిన పిమ్మట ఈ పద్ధతి బాగుగ పనిచేయును. ఏ ఎత్తున మంత్రి పోవునో, ఏ ఎత్తున రాజునకు కట్టు పడునో నాలుగడుగుల దూరముననే తెలిసిపోవును. ఆరంభమునందట్లు కాదు. మూడవ ఎత్తున చేసిన పొరపాటు ఫలము ఇరువదియవ ఎత్తునకు గాని బయటపడకపోవచ్చును. ఇక కాలము సంగతి యొకటి. ప్రపంచ ర్యాపిడ్ పోటీలలో ఒక్కొక్కరికి మొత్తము ఆటకు 15 నిమిషములును, ఎత్తుకు 10 సెకనుల చొప్పున అదనపు కాలమును మాత్రమే ఇత్తురు. ఈ పోటీని 2019లోను 2024లోను గెలిచిన మన కోనేరు హంపి వంటివారు మొదటి పది ఎత్తులకు కాలమంతయు వెచ్చింపరు. అవి ముందే తెలిసిన ఎత్తులు. యంత్రమునకు గూడ అట్టి తెలివిడి నొక పట్టికగా వ్రాసి యిచ్చినచో దానినే ఆరంభపుటెత్తుల పుస్తకమందురు. ఆటగాండ్ర వాడుకలో అది ‘ఓపెనింగ్ బుక్’.

విశాఖపట్టణమునందలి ఫిషింగ్ హార్బరునుండి వేటకు బయలుదేరు మరపడవను తలచుకొనుడు. రేవు దాటువరకు సరంగు క్రొత్తగా దారి వెదకడు. ఎక్కడ మలుపవలెనో, ఏ వైపున లోతు చాలునో, ఎదురుగ వచ్చు పడవను ఎట్లు తప్పించుకొనవలెనో పెద్దల అనుభవమువలన స్థిరపడియే యున్నది. నడిసముద్రము చేరిన పిమ్మట గాలిని, నీటివాటమును, లోతును చూచి తానే నిర్ణయించుకొనును. రేవుదారి వంటిది పుస్తకము. నడిసముద్రమున చేయు ఆలోచన వంటిది యంత్రగణనము. అయితే ఆ దారిని ఎవరు ఏర్పరచిరి? ఎంతవరకు నమ్మవచ్చును? ఎక్కడ దానిని విడువవలెను? ఎత్తుల పుస్తకము నిర్మించువాడు ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుకొనవలెను.

ఆటలు కాదు, స్థితులు

పుస్తకములో ఆటలను మొదటినుండి చివరివరకు వరుసగా వ్రాయుదురని తోచవచ్చును. అట్లు వ్రాసిన ప్రయోజనము తక్కువ. కారణము చూడుడు. చదరంగపు బల్లపై నిలువు వరుసలకు ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్ అనియు, అడ్డు వరుసలకు 1 మొదలు 8 వరకును పేర్లు. ఒక ఆటలో ఎత్తులిట్లు నడచినవనుకొందము: డి-4, డి-5, సి-4, ఇ-6, గుఱ్ఱము సి-3, గుఱ్ఱము ఎఫ్-6. వేరొక ఆటలో: సి-4, గుఱ్ఱము ఎఫ్-6, గుఱ్ఱము సి-3, ఇ-6, డి-4, డి-5. ఎత్తుల వరుస వేరు. కాని చివర బల్లపై నేర్పడిన స్థితి ఒక్కటే. రెండు దారులు ఒక్క కూడలి చేరినవి. మొదటి ఆటను మాత్రమే ఎఱిగిన యంత్రము, రెండవ దారిన అచ్చటికి వచ్చినప్పుడు తన యెదుట నున్నది తెలిసిన స్థితియే యని గుర్తింపలేదు.

అందుచేత పుస్తకమున ‘ఈ స్థితిలో ఈ ఎత్తు’ అను రీతిని వ్రాయవలెను. ప్రతి స్థితికిని ఒక గుర్తింపుసంఖ్య ఉండవలెను. దీనికి చక్కని ఉపాయమును 1970లో ఆల్బర్ట్ జోబ్రిస్ట్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ప్రకటించెను.

రెండు బలగములందును కలిసి కాయల రకములు 12: రాజు, మంత్రి, ఏనుగు, శకటు, గుఱ్ఱము, బంటు తెల్లవి ఆరు, నల్లవి ఆరు. గళ్లు 64. ఏ రకపు కాయ ఏ గడిలో నున్నదను విషయము 12 × 64 = 768 విధములు. వీనిలో ప్రతిదానికిని యాదృచ్ఛికముగ ఎన్నుకొన్న యొక పెద్ద సంఖ్యను కేటాయింతురు. ఆడవలసినవాడెవడను దానికి 1, రాజును కోటలో చేర్చు హక్కులకు 4, ఎదుటివాడు రెండు గళ్లు నడిపిన బంటును ప్రక్కబంటుతో పట్టుకొను ప్రత్యేకపు హక్కునకు వరుసకొకటి చొప్పున 8. అన్నియు కలిసి 781 సంఖ్యలు. ప్రతి సంఖ్యయు 0, 1 అను అంకెలతో వ్రాసిన 64 స్థానముల సంఖ్య.

స్థితియందు వర్తించు సంఖ్యలన్నిటిని ఒక విచిత్రమైన రీతిని కలుపుదురు. ఒక స్థానమున రెండంకెలు ఒకటే అయినచో 0, వేరైనచో 1 వ్రాయుట ఆ రీతి. నాలుగు స్థానములతో చూతము. 1011, 0110 కలిపిన 1101 వచ్చును. దానితో 0110ను మరల కలిపిన తిరిగి 1011 వచ్చును. అనగా ఒకే సంఖ్యను రెండవసారి కలుపుట దానిని తీసివేయుటయే. కావున గుఱ్ఱము జి-1 నుండి ఎఫ్-3కు పోయినప్పుడు లెక్కనంతయు మొదటినుండి చేయనక్కరలేదు. ‘జి-1లో గుఱ్ఱము’ సంఖ్యను కలిపి తీసివేసి, ‘ఎఫ్-3లో గుఱ్ఱము’ సంఖ్యను చేర్చి, ఆడవలసినవాని గుర్తును మార్చిన చాలును. ఏ దారిని వచ్చినను స్థితి ఒకటే యైన సంఖ్యయు ఒకటే.

రెండు వేర్వేరు స్థితులకు ఒకే సంఖ్య రాకూడదా యని విద్యార్థులడుగవచ్చును. రావచ్చును, కాని 64 స్థానములలో వ్రాయదగిన సంఖ్యలెన్ని? చదరంగపు మొదటిగడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు చొప్పున పెట్టుచు పోయిన కథ అందఱును విన్నదే. ఆ గింజల మొత్తమునకు ఒకటి కలిపినన్ని. అది ఇరువది యంకెల సంఖ్య. లక్షల స్థితులు గల పుస్తకమున అట్టి పొరపాటు సంభవించుట మిక్కిలి అరుదు.

ఫాబియన్ లెతూజె అను ప్రోగ్రామరు రూపొందించిన పాలీగ్లాట్ అను పద్ధతి నేడు విరివిగ వాడుకలో నున్నది. అందు ఒక్కొక్క పద్దునకు 16 బైట్లు: గుర్తింపుసంఖ్యకు 8, ఎత్తునకు 2, ఆ ఎత్తు బరువునకు 2, యంత్రము తాను నేర్చుకొన్న విషయము వ్రాసికొనుటకు 4. పది లక్షల పద్దులకును 1 కోటి 60 లక్షల బైట్లు చాలును. పద్దులను గుర్తింపుసంఖ్యల వరుసలో పేర్చుదురు. నిఘంటువులో మాటను వెదకినట్లు నడుమ తెఱచి, ఇటా అటా యని చూచి, సగము విడుచుచు పోయినచో పది లక్షలలో కావలసిన పద్దు ఇరువది చూపులలో దొరకును.

విలువ కట్టుట

పట్టిక నిర్మించుట తేలిక. అందలి ఎత్తులకు విలువ కట్టుట కష్టము. ముడిసరకు పోటీలలో ఆడిన ఆటలు. పెద్ద పోటీలలో ఆటగాడు తన ఎత్తులను కాగితముపై వ్రాసికొనుట నియమము. 2008లో విశాఖపట్టణమున జరిగిన ఆసియా జట్ల చదరంగ పోటీవంటి వానిలోని ఆటలు ఈ విధముగనే నిలిచి కంప్యూటరు భాండారములకెక్కును. నిర్మాత వానిని సేకరించి, బలవంతులైన ఆటగాండ్రవి మాత్రమే ఏరి, ఒక్కొక్క ఆటను పదిహేను ఇరువది ఎత్తులవరకు యంత్రముచేత నడిపించును. దారిలో వచ్చు ప్రతి స్థితియందును ఏ ఎత్తు ఎన్ని ఆటలలో పడినది, ఎన్ని పాయింట్లు వచ్చినవి యని లెక్క వ్రాయించును. గెలుపునకు 1, డ్రా అయిన 1/2, ఓటమికి 0.

ఇక్కడ రెండు మోసములు పొంచియుండును.

మొదటిది కొద్ది లెక్కవలన వచ్చు మోసము. ఒక స్థితిలో ‘క’ అను ఎత్తు 2 ఆటలలో పడి రెండింటను గెలిచినదనుకొందము. నూటికి నూరు! ‘ఖ’ అను ఎత్తు 1,000 ఆటలలో 550 పాయింట్లు తెచ్చినది; నూటికి 55. యంత్రము అంకెలను మాత్రమే చూచిన ‘క’ను ఎన్నుకొనును. ఒక పడవకు ఒకనాడు వల నిండిన చోటనే నిత్యమును చేపలుండునని ఏ సరంగును అనుకొనడు. ఏండ్ల తరబడి పలువురు వేటాడి చెప్పిన చోటునకు విలువ ఎక్కువ. దీనిని లెక్కలోనికి తెచ్చుట కొక ఉపాయము కలదు. ప్రతి ఎత్తునకును, సగము పాయింట్లు వచ్చిన 20 ఆటలను ఊహించి చేర్చుదురు. అప్పుడు ‘క’ విలువ 22 ఆటలకు 12 పాయింట్లు, అనగా నూటికి 54.5. ‘ఖ’ విలువ 1,020 ఆటలకు 560, అనగా నూటికి 54.9. ‘ఖ’ కొంచెము ముందునకు వచ్చినది. 20కి బదులు 5 ఆటలు మాత్రమే చేర్చినచో ‘క’ 64.3తో మరల పైకి పోవును. ఎన్ని చేర్చవలెనన్నది గణితము చెప్పదు. కొద్ది సాక్ష్యమును ఎంత శంకింపవలెనో నిర్మాతయే తేల్చుకొనవలెను.

రెండవది సగటువలన వచ్చు మోసము. ఇది మరింత లోతైనది. ‘గ’ అను ఎత్తు 100 ఆటలలో పడినది. 90 ఆటలలో ఎదుటివారు ఒక సామాన్యమైన బదులు చెప్పిరి. ఆ ఆటలలో మనకు 63 పాయింట్లు వచ్చినవి. మిగిలిన 10 ఆటలలో ఎవరో కనుగొన్న పదునైన బదులు వచ్చినది. వానిలో మనకు దక్కినవి 2 పాయింట్లే. మొత్తము 100కు 65. చూచుటకు మంచి ఎత్తు. కాని రేపు మనతో ఆడువాడు ఆ పదునైన బదులునే వేయును. ఆ పది ఆటలును అతడు చదివియుండును గదా! కావున ‘గ’ నిజపు విలువ 65 కాదు, 20. ఎదుటివాడు తనకు మేలైనదానినే ఎన్నుకొనునని భావించి, చివరి స్థితులనుండి వెనుకకు లెక్క కట్టుకొని రావలెను. ప్రతి చివరి స్థితిని బలమైన యంత్రముచేత కొన్ని నిమిషములు పరీక్షింపజేసి, ఆ తీర్పును ఆటల లెక్కతో పోల్చవలెను. రెండును సరిపడనిచోట మనుష్యుడు కూర్చుండి చూడవలెను.

ఇంత చేసినను ప్రతి స్థితికిని ఒకే ఎత్తును నిలుపరాదు. ఎప్పుడును ఒకే విధముగ ఆడు యంత్రమును ఒకసారి ఓడించినవాడు, అవే ఎత్తులతో మరల మరల ఓడింపవచ్చును. అందుచేత మూడు మంచి ఎత్తులున్న వానికి 60, 30, 10 అను బరువులిచ్చి, ఆ నిష్పత్తిలో చీట్లు తీసినట్లు ఎన్నుకొనుమందురు.

పుస్తకము గెలిపించిన ఆట

1997 మే 11వ తేదీన న్యూయార్కులో ఐ.బి.ఎం. సంస్థవారి డీప్ బ్లూ యంత్రమునకును, నాటి ప్రపంచ విజేత గ్యారీ కాస్పరోవ్‌నకును ఆరవది, చివరిది యగు ఆట జరిగెను. అప్పటికి ఇరుపక్షములును సమానముగ నున్నవి. డీప్ బ్లూ సెకనుకు సుమారు 20 కోట్ల స్థితులను పరిశీలింపగలది. అంతటి యంత్రమునకును జోయెల్ బెంజమిన్, మిగెల్ ఇల్యెస్కాస్ మొదలైన గ్రాండ్‌మాస్టర్లు కూర్చుండి సుమారు 4,000 స్థితుల పుస్తకమును చేతితో తయారుచేసిరి. దానికి వెలుపల 7 లక్షల ఆటలనుండి యంత్రముచేతనే తీయించిన మరియొక పట్టిక సహాయముగ నుండెను.

కాస్పరోవ్ నల్లబలగముతో కారో-కాన్ అను ఆరంభమును ఎన్నుకొనెను. ఏడవ ఎత్తున శకటును డి-6కు కదుపుట వాడుక. ఆయన బంటును హెచ్-6కు నడిపెను. డీప్ బ్లూ తన గుఱ్ఱమును బలియిచ్చి ఇ-6 నందలి బంటును కొట్టెను. యంత్రము ఆ ఎత్తును అప్పటికప్పుడు లెక్కించి కనుగొనలేదు. అది పుస్తకములో వ్రాసియున్నది. నల్లరాజునకు కోట చేరు వీలు పోయెను. పందొమ్మిదవ ఎత్తుతో కాస్పరోవ్ ఓటమి నొప్పుకొనెను. పోటీ 3½–2½ తేడాతో యంత్రమునకు దక్కెను.

ఈ ఆటవలన పుస్తకపు బలము తెలియును. దాని అపాయమును తెలియును. పుస్తకములోని ఎత్తును యంత్రము శంకింపదు. మంచి ఎత్తునైనను చెడ్డ ఎత్తునైనను లెక్క చూడకయే వేసివేయును. గుఱ్ఱపు బలి సరియైనది కనుక గెలిచినది. ఆ పద్దులో ఒక్క అంకె తప్పి యున్నచో 20 కోట్ల గణనము దానిని కాపాడగలిగియుండెడిది కాదు.

ఎక్కడ మూయవలెను?

పుస్తకము ఎంత పొడవైన అంత మంచిదనుట భ్రమ. సాక్ష్యము పలుచబడిన చోట దానిని మూయవలెను. అంతేగాక, పుస్తకము ముగియునప్పటికి ఏర్పడు స్థితి ఆ యంత్రమునకు నడపగల స్థితియై యుండవలెను. బంటును బలియిచ్చి దూరపు లాభమును కోరు ఆరంభములు కొన్ని కలవు. ఆ లాభమును తూచలేని యంత్రము పుస్తకము ముగిసిన తక్షణమే ‘నాకొక బంటు తక్కువైన’దని తలచి, దానిని తిరిగి సంపాదించుటకై చేతిలోని మేలును పాడుచేసికొనును. దారి చూపినవాడు దిగిపోయిన పిమ్మట పడవ నడుపవలసినది సరంగే గదా.

మనుష్యుల పోటీలలోను ఇట్లే జరుగును. 2024లో సింగపూరున జరిగిన ప్రపంచ విజేతృత్వపు పోటీకి, చెన్నైనగరపు తెలుగు కుటుంబమువాడైన దొమ్మరాజు గుకేశ్‌ను సిద్ధపరచిన బృందములో, 2001లో గ్రాండ్‌మాస్టరైన గుంటూరువాడు పెంటేల హరికృష్ణ యుండెను. అట్టి బృందముల ముఖ్యమైన పనులలో యంత్రముల సాయముతో ఆరంభములను పరిశీలించి ఆటగానికి ఎత్తుల పుస్తకమును సమకూర్చుట యొకటి. అయినను డిసెంబరు 12న జరిగిన పదునాలుగవ ఆటను తేల్చినది ఆరంభము కాదు. బల్లపై కొద్ది కాయలే మిగిలిన దశలో, 55వ ఎత్తున చైనా ఆటగాడు డింగ్ లిరెన్ తన ఏనుగును చేరరాని గడికి చేర్చెను. అది పొరపాటని గుకేశ్ కనిపెట్టి, పదునెనిమిదేండ్ల వయస్సుననే ప్రపంచ విజేత యయ్యెను. ఆ స్థితి ఏ పుస్తకమునను లేదు.

పుస్తకము లేని యంత్రములు

2017లో డీప్‌మైండ్ సంస్థవారు ప్రకటించిన ఆల్ఫాజీరో యంత్రమునకు ఎత్తుల పుస్తకము గాని మనుష్యుల ఆటలు గాని ఇయ్యలేదు. ఆట నియమములు మాత్రమే చెప్పి, తనతో తానే ఆడుకొని నేర్చుకొనుమనిరి. అయినను మనుష్యులు తరతరములుగ వాడుచున్న పలు ఆరంభములను అది తానుగా మరల కనుగొనెను. మనవారి అనుభవము వట్టిది కాదనుటకు ఇది మంచి సాక్ష్యము. నేటి మేటి యంత్రములలో నొకటియైన స్టాక్‌ఫిష్ సయితము తనలో పుస్తకమును ఉంచుకొనదు.

అట్లని పుస్తకముల పని తీరిపోలేదు, మారినది. క్రొత్త యంత్రము పాతదానికంటె మేలా యని తెలిసికొనుటకు వానిచేత వేలకొలది ఆటలు ఆడింతురు. మొదటిగడినుండి మొదలుపెట్టిన ఆటలు ఒకే త్రోవను పోవచ్చును. పెక్కులు డ్రా అగును. కావున వివిధమైన ఆరంభస్థితుల పుస్తకము నొకటి తయారుచేసి, ప్రతి స్థితినుండియు రెండేసి ఆటలు, బలగములు మార్చి ఆడింతురు. కొన్నింటిలో ఒక పక్షమునకు కావలెననియే కొంత మొగ్గు ఉంచుదురు. ఒకప్పుడు యంత్రమును గెలిపించుటకై వ్రాసిన పుస్తకము, నేడు యంత్రమును పరీక్షించు ప్రశ్నపత్రమైనది.

పాఠశాలలో చేయదగిన పని

ఎత్తుల పుస్తకమును కంప్యూటరు లేకయే తరగతిలో నిర్మింపవచ్చును. ముప్పదిమంది విద్యార్థులు తలకు పదేసి ఆటలాడిన 150 ఆటలగును. ఎత్తులన్నియు కాగితముపై వ్రాయింపుడు. చెరి నాలుగు ఎత్తులవరకు వచ్చు ప్రతి స్థితికిని ఒక అట్టముక్క ఏర్పరచి, దానిపై ఎత్తు, ఆటల సంఖ్య, పాయింట్లు అను మూడు గడులు గీయింపుడు. తరువాత ఈ ప్రశ్నలడుగుడు. వేర్వేరు దారుల ఒకే అట్టను చేరిన ఆటలెన్ని? రెండు మూడు ఆటల బలముతో పైకి వచ్చిన ఎత్తేది? సగటు మంచిదైనను, ఒక్క బదులునకు నిలువలేని ఎత్తు కలదా? భాగహారము, శాతములు, సంభావ్యత ఈ పనిలోనే అభ్యాసమగును.

చివర ఇంకొక పరీక్ష చేయింపుడు. పుస్తకములోని ఒక ఎత్తును చూపి, అది ఎందుకు మంచిదో చెప్పుమని విద్యార్థిని అడుగుడు. ‘పుస్తకములో నున్నది’ అనుట జవాబు కాదు. పది ఎత్తులు కంఠస్థము చేసినవాడు పదకొండవ ఎత్తున ఒంటరియగును. ఆ పదింటిని ఎందుకు వేయుదురో తెలిసినవానికి పదకొండవది వెదకుటకు దారి దొరకును.